మా వాకిట్లో నీళ్లు ఎవరింట్లోకి?

కువైట్‌లో వానకని గొడుగు కొన్నవాళ్లు మనలో ఎందరున్నారు చెప్పండి? ఏడాది మొత్తానికి ఇక్కడ సగటున పడేది 11, 12 సెంటీమీటర్లే. పిల్లలూ, 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్లు కురిసింది. అంటే కువైట్‌కు రెండేళ్ల వాన!

అయినా 2018 నవంబరును ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. రోడ్లు చెరువులయ్యాయి, పబ్లిక్ వర్క్స్ మంత్రి రాజీనామా చేశారు. మేమప్పుడు మంగాఫ్‌లో గ్రౌండ్ ఫ్లోరులో ఉండేవాళ్లం. పక్క విల్లా వాళ్లు తమ హోష్‌ను మెరక చేసి, టైల్స్ పరిపించి, వాటం మా వైపు పెట్టారు. తెల్లారేసరికి మా హాల్లో చీలమండ లోతు నీళ్లు. మా అమ్మాయి స్కూలు పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి.

మ్యాన్‌హోల్ మూత తీయమని హారిస్‌ను బతిమాలాను. అతను ససేమిరా అన్నాడు. కువైట్‌లో మురుగు లైను వేరు, వాన నీటి లైను వేరు. వాన నీళ్లు మురుగులోకి వదిలితే ఇంకెవరి బాత్రూములోనో పైకి తంతాయి. పోనీ, గుమ్మం ముందు ఫుట్‌పాత్ మీద సిమెంటు గట్టు కట్టమంటే, అది సర్కారు జాగా. చిన్న తోట వేయాలన్నా బలదియా అనుమతి కావాలి.

నీళ్లు ఎత్తిపోస్తుంటే నాకు రాజంపేట గుర్తొచ్చింది. 2016లో అక్కడ ఇల్లు కడుతూ, ఇక్కడినుంచి ఫోన్లోనే రెండడుగుల మెరక మట్టి తోలించాను. తొలి వానకే చిన్నాయన ఫోను: "ఒరే నాయనా, నీ వాకిట్లో నీళ్లన్నీ మా వంటింట్లోకొస్తాండాయి!" నేను లా పాయింటు తీశాను. పై నేల నీళ్లు సహజంగా కిందికి పారే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఒప్పుకుంటుంది. నిజమే, కానీ నేను తోలించిన మట్టి సహజమా? రెండేళ్లు మాటల్లేవు.

2019 సెలవుల్లో ఊరెళ్లి, ముందు అడుగు మట్టి తీయించాను. వాటం వీధి కాలువ వైపు తిప్పించాను. చూరు నీళ్లకు ఇంకుడు గుంత తవ్వించాను: అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, పైన ఇసుక. 2002 నాటి వాల్టా చట్టంలో 200 చదరపు మీటర్లు, అంటే సుమారు ఐదు సెంట్లు, ఆపైన ఉన్నవాటికి వాన నీటి సంరక్షణ మాట ఉంది. మా ప్లానులోనూ గుంత గీసే ఉంది, కాగితం మీద! ఊళ్లో ఇల్లు కట్టిస్తున్న మిత్రులారా, మట్టి తోలించకముందే రోడ్డు ఎత్తు, పక్కింటి గడప ఎత్తు కొలిపించండి. మేస్త్రీకి అది పూట పని.

ఆ ఏడు వానలకు చిన్నాయన టార్చిలైటు పట్టుకుని గోడ పక్కనే నిలబడ్డాడట. వంటింట్లోకి చుక్క రాలేదు. ఆ సంగతి చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఇంకా కాస్త బింకంగానే ఉన్నాడు.