350 డాలర్ల షాఫ్ట్‌తో ఎన్ని గజాలు పెరుగుతాయి?

టేలర్‌మేడ్ అనే గోల్ఫ్ కంపెనీ 2022లో స్టెల్త్ డ్రైవర్‌ను (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌ను) అమెరికాలో దాదాపు 580 డాలర్లకు అమ్మింది. దాంతో పాటే ఇచ్చిన స్టాక్ షాఫ్ట్‌లలో (క్లబ్ కడ్డీలలో) ఒకటి ఫుజికురా వెంటస్ రెడ్. అదే పేరున్న షాఫ్ట్‌ను విడిగా కొనాలంటే 350 డాలర్ల దాకా అయ్యేది. 580 డాలర్ల క్లబ్‌లో 350 డాలర్లు షాఫ్ట్‌కే పోతే మిగతాదానికి ఏం మిగులుతుంది? అసలు సంగతేమిటంటే ఆ రెండూ ఒకటి కావు. విడిగా అమ్మే వెంటస్‌లో వెలోకోర్ అనే నిర్మాణం ఉంటుంది. స్టెల్త్‌తో వచ్చినదాంట్లో అది లేదు.

ఈ తేడా తెలియగానే చాలామంది ఖరీదైనదే కొనాలనుకుంటారు. అక్కడే కాస్త ఆగాలి. షాఫ్ట్ బాగా తయారవడం వేరు, అది మన స్వింగ్‌కు కుదరడం వేరు. గజాలు తెచ్చిపెట్టేది రెండోదే.

పొరల్లో ఏముంది?

షాఫ్ట్ తయారీకి రెజిన్ పట్టించిన కార్బన్ ఫైబర్ షీట్లను కొలత ప్రకారం కత్తిరించి, సన్నటి స్టీల్ కడ్డీ చుట్టూ ఒకదాని మీద ఒకటి బిగుతుగా చుడతారు. పైన టేపు చుట్టి ఓవెన్‌లో పెడతారు. గట్టిపడ్డాక కడ్డీని లాగేసి, పైభాగాన్ని నునుపు చేసి రంగు వేస్తారు. షాఫ్ట్ పొడవునా నిలువుగా పరచిన పోగులు అది అతిగా వంగకుండా చూస్తాయి. 45 డిగ్రీల ఏటవాలుగా పరచినవి మెలిపడకుండా చూస్తాయి.

ధర తేడాకు ముఖ్య కారణం ఈ పోగుల రకమే. వెలోకోర్‌లో 70 టన్నుల కార్బన్ ఫైబర్‌తో పాటు, ఈ చివర నుంచి ఆ చివర దాకా 40 టన్నుల ఏటవాలు పొరలు ఉంటాయని ఫుజికురా చెబుతుంది. ఈ టన్నుల లెక్క పోగుల బిరుసుకు కొలమానం, షాఫ్ట్ బరువుకు కాదు. బిరుసు పోగులు ఖరీదెక్కువ. బంతి క్లబ్ హెడ్ ముందుభాగం (ఫేస్) మధ్యలో కాకుండా పక్కన తగిలినప్పుడు హెడ్ తక్కువగా తిరగాలన్నది వాటి ఉద్దేశం.

అంకెలను ఎలా చదవాలి?

బరువు: నేటి డ్రైవర్ షాఫ్ట్‌లు ఎక్కువగా 40 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటాయి. హెడ్ దాదాపు 200 గ్రాములు, గ్రిప్ 50 గ్రాములు. మొత్తం క్లబ్ 310 గ్రాముల చుట్టూ తేలుతుంది. షాఫ్ట్‌లో పది గ్రాములు మారినా చేతికి తెలుస్తుంది, స్వింగ్ లయ మారుతుంది.

ఫ్లెక్స్: ఆర్, ఎస్, ఎక్స్ అనే అక్షరాలకు పరిశ్రమ మొత్తానికీ ఒకే ప్రమాణం లేదు. ఒక కంపెనీ ఆర్ మరో కంపెనీ ఎస్ అంత బిరుసుగా ఉండొచ్చు. అందుకే ఆటగాడికి తగిన క్లబ్‌ను కుదిర్చే ఫిట్టర్లు గ్రిప్ వైపు చివరను బిగించి, షాఫ్ట్‌ను ఊపి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో కొలుస్తారు. అక్షరం కన్నా ఆ అంకె నమ్మదగినది.

టార్క్: ఒక అడుగు-పౌండు మెలితిప్పే బలానికి షాఫ్ట్ ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో ఇది చెబుతుంది. 3 అంటే గట్టిది, 5 దాటితే మెత్తనిది.

పొడవు: షోరూమ్ డ్రైవర్లు సాధారణంగా 45.5 అంగుళాలకు పైనే ఉంటాయి. నియమాల ప్రకారం గరిష్ఠం 48. ప్రొఫెషనల్ పోటీల్లో దాన్ని 46కు కుదించే వీలు 2022 జనవరి నుంచి వచ్చింది. టూర్ ఆటగాళ్లలో చాలామంది 45 అంగుళాల దగ్గరే ఆగుతారు. పొడవు పెరిగితే వేగం కొంత పెరిగినా, ఫేస్ మధ్యలో కొట్టడం కష్టమవుతుంది.

గజాల లెక్క

మన తెలుగు మూలాల గోల్ఫర్ సాహిత్ తీగల ఆడే ప్రొఫెషనల్ పీజీఏ టూర్‌లో డ్రైవర్ సగటు వేగం గంటకు సుమారు 115 మైళ్లు. సరదాగా ఆడే మగవాళ్లలో అది 93 దగ్గర ఉంటుంది. ఆ 93 మైళ్లతోనే లెక్క వేద్దాం.

బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేది స్మాష్ ఫ్యాక్టర్. డ్రైవర్‌తో అది 1.5 దాకా వెళ్లొచ్చు. 1.44 దగ్గరున్న ఆటగాడి బంతి వేగం 134 మైళ్లు. షాఫ్ట్ కుదిరి, బంతి మధ్యలో తగలడం పెరిగి 1.48కి చేరితే 137.6. బంతి వేగం మైలు పెరిగితే సుమారు రెండు గజాలు పెరుగుతాయి కాబట్టి, దాదాపు ఏడు గజాలు వచ్చినట్టు. స్వింగ్ వేగం అణువంత కూడా పెరగలేదని గమనించండి.

దిశ లెక్క ఇంకా ముఖ్యం. బంతి రెండు డిగ్రీలు పక్కకు బయలుదేరితే 230 గజాల దగ్గర ఎనిమిది గజాలు తప్పుతుంది. పక్క స్పిన్ తోడైతే ఇంకా ఎక్కువ. ఫెయిర్‌వేకూ రఫ్‌కూ మధ్య తేడా చాలాసార్లు అంతే.

బంతి ఫేస్‌కు అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. అంత తక్కువ సమయంలో షాఫ్ట్ బంతిని తోసేదేమీ లేదు. అది చేసేదంతా అంతకు ముందే, క్లబ్ కిందికి వచ్చే పావు సెకనులో జరుగుతుంది: హెడ్ ఏ కోణంలో, ఎంత నిలకడగా బంతి దగ్గరికి చేరుతుందన్నదే దాని పని. ఆ నిలకడ ఒక్కొక్కరి చేతికి ఒక్కో షాఫ్ట్‌తో వస్తుంది. కొందరికి అది స్టాక్ షాఫ్ట్‌తోనే వచ్చేస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఉన్న డ్రైవర్‌నే అర అంగుళం కిందికి పట్టుకుని పది బంతులు కొట్టండి. ఫేస్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే చేస్తే తగిలిన చోటల్లా మచ్చ పడుతుంది. మచ్చలు మధ్యకు చేరాయంటే మీ సమస్య పొడవు. అర అంగుళం కోయిస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) మూడు పాయింట్ల దాకా తగ్గుతుంది. హెడ్‌కు ఆరు గ్రాముల లెడ్ టేపు అంటిస్తే అది తిరిగి వస్తుంది.

మచ్చలు కదలకపోతే, బంతి వేగాన్నీ దూరాన్నీ కొలిచే లాంచ్ మానిటర్ ఉన్న ఫిట్టర్ దగ్గరికి వెళ్లండి. ఒకే హెడ్‌కు స్టాక్, ఆఫ్టర్‌మార్కెట్ (విడిగా అమ్మే) షాఫ్ట్‌లను మార్చి మార్చి కొట్టండి. అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బంతిని చూసి మురిసిపోవద్దు. సగటు దూరం ఎంత, బంతులు ఎంత వెడల్పున చెదిరాయి అన్నవి రెండూ రాసుకోండి. కొత్త డ్రైవర్ కొంటుంటే అదనపు ధర లేకుండా దొరికే షాఫ్ట్‌లేమిటో ముందే అడగండి. షాఫ్ట్‌ను హెడ్‌కు కలిపే ఒక కంపెనీ అడాప్టర్ సాధారణంగా మరో కంపెనీ హెడ్‌కు సరిపోదని కూడా గుర్తుంచుకోండి.

రెండు అంకెల్లోనూ ఆఫ్టర్‌మార్కెట్ షాఫ్ట్ స్పష్టంగా ముందుంటే 350 డాలర్లు పెట్టండి, అది సరైన ఖర్చే. తేడా రెండు మూడు గజాలే అయితే ఆ డబ్బును కోచ్‌కు ఇవ్వండి.