అప్పీలుకు పోతే శిక్ష పెరుగుతుందా?

"అప్పీలుకు పోతే ఉండే శిక్ష ఇంకా పెరుగుతాదంట కదక్కా! పడింది చాల్లే, గమ్మునుందాం."

ఆళ్లగడ్డ నుంచి కడప పోయే బస్సులో ఓ ఇల్లాలు పక్కనున్నామెతో అన్న మాట ఇది. కడప సెంట్రల్ జైల్లో ములాఖత్ కోసం టిఫిన్ డబ్బా, సంచీ పట్టుకుని వెళ్లే ఆడవాళ్లు ఈ దారికి కొత్త కాదు. పాతకక్షలో, గట్టు తగాదానో, మగాడు లోపలికెళితే కోర్టుల చుట్టూ తిరిగేది తల్లో పెళ్లామో. నంద్యాల అదనపు జిల్లా కోర్టులో శిక్ష పడితే అమరావతిలోని హైకోర్టు దాకా వెళ్లాలి. అప్పుచేసి అంత దూరం పోయి, ఐదేళ్లను పదేళ్లు చేయించుకొస్తామేమోనని వాళ్ల బెంగ.

ఆ బెంగ అక్కర్లేదు. శిక్షపడ్డ మనిషి తనంతట తాను అప్పీలు చేసుకుంటే, కోర్టు ఆ శిక్షను కొట్టేయొచ్చు, తగ్గించొచ్చు, ఉన్నదున్నట్టు ఉంచొచ్చు. ఆ అప్పీల్లో పెంచడానికి మాత్రం వీల్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 386వ సెక్షన్ ఇదే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 427వ సెక్షనూ ఇదే అంటోంది.

తమిళనాడులో ఒక ఖైదీ ఈ మాట మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2003లో అతను రాత్రిపూట పొరుగింట్లోకి జొరబడి ఆ ఇంటి ఇల్లాలిని పట్టుకున్నాడు. మర్నాడు ఆమె విషం తిని చనిపోయింది. ఆత్మహత్యకు ప్రేరేపించాడన్న నేరం రుజువు కాలేదన్న కింది కోర్టు, ఆమె మర్యాదకు భంగం కలిగించినందుకు మూడేళ్లు, ఇంట్లో జొరబడినందుకు మూడు నెలలు వేసింది. అతనే అప్పీలుకు వెళ్లాడు. ప్రభుత్వం వెళ్లలేదు. అయినా మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆత్మహత్య నేరాన్ని కూడా అతని మీద మోపి ఐదేళ్ల శిక్ష వేసింది. 2025 జూన్‌లో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ సతీష్‌చంద్ర శర్మ దాన్ని కొట్టేసి, పాత శిక్షనే నిలబెట్టారు.

చదువుతుంటే నాకు మొదట మనసొప్పలేదు. పోయింది ఆడకూతురు, గెలిచింది అతనా అనిపించింది. కానీ శిక్ష చాలదనుకుంటే ప్రభుత్వం అప్పీలు చేయాల్సింది, చేయలేదు. దానికి బదులు అతను వేసుకున్న అప్పీల్లోనే శిక్ష పెంచితే, బస్సులో ఆ ఇల్లాలి భయమే నిజమవుతుంది. నిర్దోషులు కూడా పై కోర్టు గడప తొక్కరు.

అలాగని శిక్ష ఎప్పుడూ పెరగదని కాదు. గుంటూరు జిల్లా (ఇప్పుడు పల్నాడు) రొంపిచర్లలో గ్రామ పార్టీ తగాదాల్లో 1968లో ఓ యాభై అయిదేళ్ల మనిషిని కర్రలతో కొట్టి చంపారు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేస్తే, హైకోర్టు అది హత్య కాదంటూ ఐదేళ్లకు దించింది. ఈసారి ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1976లో మళ్లీ యావజ్జీవం ఖాయమైంది. లా చదివే పిల్లలకు రాయవరపు పున్నయ్య కేసంటే ఇదే.

శిక్ష పెంచమని ప్రభుత్వం అడిగినప్పుడు ఖైదీకి తెలియజేసి, అతని మాట వినాలి. అప్పుడతను 'పెంచొద్దు' అనడమే కాదు, 'నేను నేరమే చేయలేదు, విడిచిపెట్టండి' అని కూడా వాదించుకోవచ్చు. ఇది చాలామందికి తెలీదు. అందుకే కోర్టు నుంచి వచ్చిన నోటీసును భయపడి ట్రంకుపెట్టెలో దాచకండి.

మరి అవతలింట్లో తాళి తెగిన ఆవిడ సంగతో? నిందితుణ్ని వదిలేసినా, చిన్న నేరంగా మార్చినా, పరిహారం చాలకపోయినా ఆమె అప్పీలు చేయొచ్చు. 'శిక్ష తక్కువైంది' అని మాత్రం చేయలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పని ప్రభుత్వమే చేయాలి. పబ్లిక్ ప్రాసిక్యూటరు చుట్టూ తిరగాల్సిందే. ఈ నియమం నాకింకా మింగుడు పడలేదు.

ఇక గడువుల సంగతి. ఆళ్లగడ్డ మేజిస్ట్రేటు కోర్టులో పడిన శిక్షపై సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. జైలుశిక్ష పడితే తీర్పు కాపీ ఉచితంగా ఇస్తారు. లోపలున్న మనిషి జైలు సూపరింటెండెంటు ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చు. ఆడవాళ్లకూ జైల్లో ఉన్నవాళ్లకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీలో అడగండి, లేదంటే 15100కి ఫోన్ చేయండి.