ఓవీఆర్ వ్రాసిన ఇకామా పోవునా?

జెద్దా నగరమున బలద్ వీథులలో, పగడపు రాతి గోడలకు రౌషన్లను చెక్క కిటికీలు వ్రేలాడు పాత యిండ్ల నడుమ, సెలవు సాయంకాలములందు కలసికొను మన తెలుగు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసీ కుఱ్ఱవాండ్రు జీతములను, టిక్కెట్టు ధరలను, ఊరి పెండ్లిండ్లను ముచ్చటించుకొన్న పిమ్మట తప్పక వినవచ్చు మాట యొకటి గలదు: “ఓవీఆర్ రాశావా, ఖురూజ్ కొట్టిస్తారు.” ఖురూజ్ అనగా దేశము విడిచి పంపివేయు ముద్ర. జరిగిన పొరపాటును, జరుగబోయి తప్పిన పొరపాటును తెలుపు ఓవీఆర్ అను ఆ యొక్క కాగితము తమ పిల్లల చదువును, ఇంటి యప్పు తీరు దారిని మ్రింగివేయునని నమ్మినవారు, ఒకే రంగు మూత గల రెండు సీసాలలో తప్పుది చేతికి వచ్చినపుడు దానిని చప్పుడు కాకుండ యథాస్థానమున నుంచి, ప్రక్కనున్న సిస్టరుతోనైనను చెప్పక యూరకుందురు. మరునాడు ఆ సీసా మఱియొకరి చేతికి వచ్చును.

ఇకామా, అనగా నివాసపు అనుమతి, వ్యవహారము జవాజాత్ అను పాస్‌పోర్టు శాఖవారిది; ఓవీఆర్ చేరునది సంస్థలోని నాణ్యతా విభాగమునకు. ఒకరి బల్లమీది కాగితము రెండవవారి బల్లకు నడచిపోవు మార్గమేదియో ఈ వదంతిని పుట్టించిన మహానుభావులు ఇంతవరకు చూపినవారు కారు. ఉద్యోగిని పంపివేయదలచిన ముదీరుకు (మేనేజరుకు) ఓవీఆర్ అక్కఱలేదు, ఒప్పందపు గడువు తీఱుటయే చాలును. నిజముగా మెడకు చుట్టుకొనునది వ్రాసిన పొరపాటు కాదు, దాచిన పొరపాటు: రోగికి హాని జరిగి ఫైలు విప్పిన దినమున, ఆ వేళ విధిలో నున్నవారు ఏల మౌనము వహించిరను ప్రశ్నయే మొదట పుట్టును.

పొరపాట్ల పుస్తకము ఖాళీగా నున్న క్లినిక్కు నిర్దోషమైనదని యెంచువారు, హార్వర్డుకు చెందిన ఏమీ ఎడ్మండ్సన్ 1996లో ప్రకటించిన పరిశోధనను తెలిసికొనవలెను. మంచి నాయకత్వము, చక్కని సహకారము గల నర్సింగ్ విభాగములలో మందుల పొరపాట్లు తక్కువగా కనబడునని యూహించి బయలుదేఱిన ఆమెకు, అట్టి విభాగములలోనే అవి యెక్కువగా కనబడినవి. అచ్చటివారు ఎక్కువ తప్పులు చేయుటచేత కాదు, చెప్పుటకు జంకకపోవుటచేత. అమెరికా ఆసుపత్రులలో వైద్యపు పొరపాట్ల వలన ఏటేట 44,000 నుండి 98,000 మంది మరణించుచున్నారని 1999లో లెక్కగట్టిన నివేదికయు, లోపము మనుష్యులకంటె వ్యవస్థయందే హెచ్చుగా గలదని తేల్చినది. అంతకుముందే 1966లో, బేరూతులో పుట్టిన అవేడిస్ డొనబీడియన్, వైద్యపు నాణ్యతను సాధనసంపత్తి, పని జరుగు తీరు, ఫలితము అను మూడు కోణముల నుండి కొలువవలెనని చెప్పియుండెను. మనవారు మాత్రము నాలుగవ కోణమును కనిపెట్టిరి: ఎవని తప్పు?

భయమేమి చేయునో చూడవలెనన్న టీకాల ఫ్రిజ్ తలుపున అంటించిన పట్టికను చూడుడు. ఉష్ణోగ్రత 2 నుండి 8 డిగ్రీల నడుమ నుండవలెను. ఒక పాలీక్లినిక్కు పట్టికలో నెల పొడుగున, ఉదయము సాయంత్రము, ఒకే కలముతో, ఒకే వాలున, 4, 4, 4 అని వ్రాసియున్నది. ఆ తలుపు రబ్బరు ఒకవైపు ఊడి వ్రేలాడుచున్నది. ఆ పట్టికను చూచి, దానిని వ్రాసిన సిస్టరు నైపుణ్యమునకు నూటికి నూఱు మార్కులు వేయు తనిఖీదారుని ఏమనవలెను?

ఈ విషయమున మన దేశపు ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా హామీ ప్రమాణముల) పద్ధతి కొంత మేలు. అందు ఒక్కొక్క అంశమునకు 0, 1, 2 అని మార్కులు వేయుటకు ముందు పనిని కన్నులార చూచుట, సిబ్బందిని అడుగుట, రికార్డులు పరిశీలించుట, రోగిని విచారించుట అను నాలుగు మార్గములలో ఆ యంశమునకు తగినవి విధింపబడినవి. పట్టిక నొక్కదానినే నమ్ముకొను పద్ధతి కాదది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేసి వచ్చిన సిస్టర్లు ఇచ్చటికి వచ్చి దీనిని మఱచిపోవుట విచిత్రము.

మఱికొన్ని అపోహలును గలవు. సీఎంఈ (నిరంతర వైద్య విద్య) గంటలు నిండిన నైపుణ్యము నిండునందురు. నిండునది కుర్చీ మాత్రమే. చిన్న పాలీక్లినిక్కుకు ఇవి యెందుకందురు. చిన్నదానిలోనే మార్పు త్వరగా కనబడును. నాణ్యత క్వాలిటీ మేడమ్ పనియందురు. సూది పొడుచునది ఆమె కాదు.

“ఇదంతయు కాగితముల గోల” యను నింద మాత్రము పూర్తిగా అసత్యమని చెప్పజాలను. ఆరోగ్య సంస్థలకు గుర్తింపునిచ్చు సౌదీ కేంద్రమైన సిబాహీవారి తనిఖీ సమీపించిన వారమున ఫైళ్లకు పట్టు రంగులు, రాత్రికి రాత్రి పుట్టు సమావేశపు మినిట్స్ చూచినవారికి ఆ విసుగు కలుగుట సహజము. అయినను ఆ దోషము ఫారములది కాదు, వాటిని ఏడాదికొకసారి నిద్రలేపు మనది.

కావున, సోదరులారా, ఓవీఆర్ వ్రాయుడు. డ్యూటీ ముగియకముందే వ్రాయుడు. ఏమి జరిగినది, ఎన్ని గంటలకు, ఎచ్చట, వెంటనే మీరు చేసినదేమి అని మాత్రమే వ్రాయుడు. “నిర్లక్ష్యము” అను మాటయు, ఇతరులపై అభిప్రాయములును వలదు. నెలకొక సమస్యను పట్టుకొనుడు. ఫ్రిజ్ విషయమైనచో, ఒక వారము ఉన్న అంకెనే వ్రాయుడు, రబ్బరు మార్పించుడు, మఱియొక వారము వ్రాసి రెంటిని గోడమీద ప్రక్కప్రక్కన అంటింపుడు. మీ ఫారములో “తప్పు చేసినవారి పేరు” అను గడి యింకను ఉన్నచో, దానిని తీసివేయుమని రాబోవు క్వాలిటీ సమావేశమున మొదటి అంశముగా వ్రాతపూర్వకముగా అడుగుడు.