జుట్టు నెరిస్తే చేయి పనికిరాదా?

ఇంటర్వ్యూ గది వాకిట కూర్చుని పేర్లు పిలవడం గుమాస్తా పనులలో ఒకటి. ఆ పని నేను చాలాసార్లు చేశాను. ఒక ప్రైవేటు ఆఫీసులో చూసిన సంగతి చదువరులకు మనవి చేస్తాను.

జమాఖర్చుల ఉద్యోగానికి వచ్చినవారిలో ఒకాయనకు నలభైయారేళ్ళు. మూతబడిన మిల్లులో ఇరవయ్యేళ్ళు లెక్కలు రాసిన మనిషి. ఎండలో నడిచి వచ్చారు కాబోలు, జుట్టుకు వేసిన రంగు చెమటతో కారి ఇస్త్రీ చొక్కా కాలరుమీద నల్లని మరక పడింది. దానిని రుమాలుతో కప్పుకుంటూ లోపలికి వెళ్ళారు. రెండు నిమిషాలలో బయటికి వచ్చారు.

"లెక్కలేమైనా అడిగారాండీ?" అన్నాను.

"లేదండీ, పిల్లలెంతమంది అని అడిగారు" అన్నారు.

ఆ రంగువల్ల ఆయనకు ఒరిగినదేమీ లేదు. వయస్సు ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో ఉండనే ఉన్నది. ఆ పుస్తకం అప్పటికే అధికారుల బల్లమీద ఉన్నది.

ప్రభుత్వోద్యోగాలలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టినచోటు, నివాసం అనే కారణాలతో భేదం చూపరాదని మన రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్నది. ఆ పట్టికలో వయస్సు లేదు. అమెరికాలో నలభై నిండినవారిని వయస్సు కారణంగా తోసివేయరాదని 1967లోనే చట్టం చేశారు. మన ప్రైవేటు ఆఫీసులకు అటువంటి చట్టం లేదు.

రూపం విషయంలో మాత్రం కొంత మేలు జరిగింది. కేంద్ర ప్రభుత్వంలో గ్రూపు సి ఉద్యోగాలకు, గ్రూపు బిలోని నాన్-గెజిటెడ్ ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు ఎత్తివేశారు. పరీక్ష కాగితానికి నెరసిన జుట్టు కనబడదు గదా! వయఃపరిమితి మాత్రం అలాగే ఉన్నది.

సర్కారును అనడం సులభం. మనవారిలోనూ దుకాణాలు, వర్కుషాపులు నడిపే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనమూ మనిషిని ఎగాదిగా చూసిన తరువాతనే గదా పని సంగతి అడిగేది? ముందుగా చిట్టా చేతికిచ్చి కూడిక వేయించండి. ముఖం తరువాత చూడవచ్చు.

ఉద్యోగార్థులకూ ఒక మాట. ఉతికిన బట్టలు, దువ్విన తల, వేళకు హాజరు కావడం మర్యాద, తప్పక పాటించండి. వయస్సు మాత్రం దాచకండి. దాచితే అదేదో నేరమని మనమే ఒప్పుకున్నట్లు. చేసిన పనులను ఒక కాగితంమీద వివరంగా రాసి తీసుకువెళ్ళండి.

మొన్న బజారులో ఆ పెద్దమనిషి కనబడ్డారు. మనవారి ఇనుపసామాను కొట్టులోనే లెక్కలు రాస్తున్నారట. జుట్టు తెల్లగానే ఉన్నది.