గొడుగు తెరిచినా.. కర్ర మిగలాలి!

పెళ్లిలో కాశీయాత్ర ముచ్చట గుర్తుందా? పెళ్లికొడుకు ఒక చేత గొడుగు, మరో చేత కర్ర పట్టుకుని పాంకోళ్లతో బయలుదేరతాడు. బావమరిది ఎదురొచ్చి, బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. అక్కడ గొడుగు వేరు, కర్ర వేరు. దేని పని దానిదే. ఆ పెళ్లికొడుకే డెబ్భై ఏళ్లు దాటాక నిజంగా కాశీకో, తిరుమలకో ప్రయాణం కడితే చేతిలో రెండూ కలిసినది ఒక్కటే ఉంటోంది. మడిస్తే చేతికర్ర, విప్పితే గొడుగు! సామాను తగ్గుతుంది కదా అని పిల్లలు ప్రేమగా కొనిస్తున్నారు. వాన పడనంత వరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా చినుకు పడ్డాకే.

కర్ర అంటే నామోషీ!

గొడుగు పట్టుకుంటే పెద్దమనిషి, కర్ర పట్టుకుంటే ముసలాయన.. చాలామంది లెక్క ఇదే. మోకాళ్లు సహకరించకపోయినా 'నాకేం, ఇంకా కర్ర పట్టే వయసు రాలేదు' అంటారు. అలాగని ఊతం లేకుండా నడవలేరు. అందుకే ఎండ ఉన్నా లేకున్నా వంపు పిడి ఉన్న నల్ల గొడుగును నేలకు ఆనిస్తూ నడుస్తుంటారు. హోసూరు బస్టాండులో చూసినా, బరంపురం రైల్వేస్టేషన్లో చూసినా ఇలాంటివారు కనిపిస్తారు.

కానీ మామూలు గొడుగు మనిషి బరువు మోయడానికి తయారైంది కాదు. దాని కాడ సన్నగా ఉంటుంది. కొన మొనదేలి ఉంటుంది. నున్నటి బండల మీద, తడిసిన ప్లాట్‌ఫాం మీద ఆ మొన ఇట్టే జారుతుంది. వయసు మీరినవారు పడితే దెబ్బతో పోదు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. అప్పటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి ప్రతిదానికీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది.

మూడు రకాలు

దుకాణాల్లో 'కర్ర గొడుగు' పేరుతో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పైన చెప్పిన పొడవాటి గొడుగు. అది గొడుగే, కర్ర కాదు. రెండోది కాస్త లావుపాటి కాడ, కింద రబ్బరు బుష్ ఉన్నది. మడిచి ఉన్నంతసేపూ ఊతమిస్తుంది. తెరిచామంటే ఊతం పోయినట్లే. నేల తడిసి, కర్ర అవసరం ఎక్కువయ్యే సమయానికే కర్ర తలపైకి వెళ్లిపోతుంది! మూడోది రెండుగా విడిపోయేది. గొడుగు బయటకు లాగితే కర్ర విడిగా చేతిలో మిగులుతుంది. ఊతం అవసరమైనవారికి పనికొచ్చేది ఇదే.

తమిళనాడు దుకాణంలో 'కుడై' అని అడగండి, బళ్లారిలో 'ఛత్రి' అనండి, బరంపురంలో 'ఛతా' అనండి. ఏ భాషలో అడిగినా వేయాల్సిన ప్రశ్న ఒక్కటే.. తెరిచాక కర్ర మిగులుతుందా?

ఎత్తు ఎంత ఉండాలి?

ప్రయాణంలో వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి చేతులు వదులుగా కిందికి వేలాడదీయాలి. కర్ర పిడి సరిగ్గా మణికట్టు మడత దగ్గరకు రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగుతుంది. పొడవు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, తక్కువైతే నడుం ముందుకు వంగుతుంది. ఎత్తు మార్చుకునే వీలున్న కర్ర అయితే బొత్తాం రంధ్రంలోకి పూర్తిగా దిగిందో లేదో, బిగించే రింగు గట్టిగా ఉందో లేదో రోజూ ఒకసారి చూసుకోవాలి.

కొనే ముందు..

* మడిచిన కర్రపై మెల్లగా బరువు మోపి చూడండి. కాడ వంగినా, అతుకుల దగ్గర కదిలినా వద్దు.
* ఎన్ని కిలోల బరువు ఆపుతుందో దానిమీదో, పెట్టెమీదో రాసి ఉందేమో చూడండి. ఆ సంగతే లేకపోతే దాన్ని గొడుగుగానే లెక్కేయండి.
* అడుగున రబ్బరు బుష్ వెడల్పుగా, గరుకు గాళ్లతో ఉండాలి. అరిగితే మార్చుకునేలా ఉండాలి.
* రెండుగా విడదీయడం, మళ్లీ కలపడం వాడబోయేవారితోనే చేయించండి. వణికే వేళ్లకు సాధ్యం కాకపోతే ఎంత ఖరీదైనదైనా దండగే.
* బరువు చూడండి. రోజంతా మోయాల్సింది వారే.

వానలో ఇలా..

కర్ర, గొడుగు విడిపోతే రెండు చేతులూ నిండిపోతాయి. అందుకే సంచి వీపుకు తగిలించుకునేది కావాలి. ఏ కాలు నొప్పిగా ఉంటే దానికి ఎదురు చేతిలో కర్ర ఉండాలి. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో, గొడుగు కుడి చేతిలో. నొప్పి కాలూ కర్రా కలిసి ముందుకు కదలాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, దానితో నొప్పి కాలు.

రైలు, బస్సు ఎక్కేటప్పుడు గొడుగు మడిచేయాల్సిందే. కడ్డీ పట్టుకోవడానికి ఒక చేయి ఖాళీగా ఉండాలి. నాలుగు చినుకులు నెత్తిన పడ్డా నష్టం లేదు. తడి గొడుగును బెర్తు కింద అలాగే పడేస్తే నీరు కారి, రాత్రి లేచినవారు జారతారు. దానికో ప్లాస్టిక్ సంచి వెంట ఉంచుకోవాలి. తిరుమల నడకదారిలో అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు నుంచి 2,388 మెట్లు. అంత దూరం ఎక్కాలనుకునేవారు ఊతం సంగతి ఇంటిదగ్గరే తేల్చుకోవాలి. విమానంలో వెళ్లేవారు మొన లేని కర్ర ఎంచుకుని, కొనేముందే విమాన సంస్థను అడగడం మంచిది.

అందరికీ కాదు

పక్షవాతం వచ్చినవారు, తుంటి లేదా మోకాలి ఆపరేషన్ అయినవారు, ఇంతకుముందు తూలి పడినవారు ఇలాంటి రెండు పనుల కర్రను నమ్ముకోకూడదు. డాక్టరు లేదా ఫిజియోథెరపిస్టు చెప్పిన కర్రే వాడాలి. తల తడవకుండా టోపీ ఉన్న రెయిన్‌కోటు వేసుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. యానాం, గంజాం తీరాల్లో గాలి వానకు వెడల్పాటి గొడుగు మనిషినే లాగేస్తుంది. అలాంటప్పుడు ఏదో ఒక అరుగు చూసుకుని వాన వెలిసేదాకా ఆగడమే మేలు. ఉరుములు మెరుపుల్లో బహిరంగ ప్రదేశాల్లో గొడుగుతో నడవనేకూడదు.

విడిపోయే రకం దొరకకపోతే బాధపడక్కర్లేదు. ఒక గట్టి చేతికర్ర, సంచిలో ఒక మడత గొడుగు. పెళ్లినాడు పట్టుకున్న జోడీ అదేగా! ఆనాడు బావమరిది బతిమాలి వెనక్కి తెచ్చాడు. ఈ వయసులో యాత్రకు వెళ్లిన మనిషి తన కాళ్లమీద తాను నడిచి ఇంటికి రావాలి.