7.5 భోజనానంతరం పెద్దపేగు కదలికలు – దీర్ఘకాలిక విరేచనాలు

"అన్నం తిని లేవగానే దొడ్డికి వెళ్లవలసి వస్తోంది, తిన్నది తిన్నట్టే పోతోంది" అని కొందరు చెప్పడం మీరు వినే ఉంటారు. మొదటి మాటకు శరీరధర్మంలోనే ఆధారం ఉంది. రెండో మాట ఎంతవరకు నిజమో ఈ భాగంలో పరిశీలిద్దాం.

7.5.1 జఠర-బృహదాంత్ర ప్రతీకార చర్య

ఆహారం చేరి జీర్ణాశయం గోడలు సాగినప్పుడు, కొవ్వు ఆంత్రమూలంలోకి ప్రవేశించినప్పుడు నాడుల ద్వారా, కొలిసిస్టోకైనిన్ వంటి హార్మోన్ల ద్వారా పెద్దపేగుకు సంకేతాలు అందుతాయి. కొద్ది నిమిషాల్లోనే దాని కదలికలు పెరుగుతాయి. దీనినే గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అని కూడా అంటారు. ఇది వ్యాధి కాదు. పసిపిల్లలు పాలు తాగుతూనే విరేచనం చేయడానికి ఇదే కారణం.

అప్పుడు బయటికి వచ్చేది అప్పుడే తిన్న అన్నం కాదని గమనించండి. ఆరోగ్యవంతుల్లో ఆహారం నోటి నుంచి మలద్వారం చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది. కొత్త భోజనం చేసే పని పెద్దపేగులో ముందే ఉన్న మలాన్ని కదిలించడం మాత్రమే.

7.5.2 రెండు రకాల చలనాలు

ఖండన చలనాలు మలాన్ని అటూ ఇటూ కలుపుతూ నిలిపి ఉంచి, నీటి శోషణకు వ్యవధి ఇస్తాయి. సామూహిక చలనాలు రోజుకు కొద్దిసార్లు మాత్రమే వచ్చి మలాన్ని పురీషనాళం వైపు నెడతాయి. చిన్నపేగు నుంచి రోజుకు సుమారు 1.5 లీటర్ల ద్రవం పెద్దపేగుకు చేరినా, మలంలో పోయే నీరు 100–200 మి.లీ. మాత్రమే. ఖండన చలనాలు తగ్గి, నెట్టే చలనాలు పెరిగినప్పుడు శోషణకు వ్యవధి చాలక మలం పలచబడుతుంది. అంటే కదలికలు ఎన్ని అన్నదానికంటే అవి ఏ రకం అన్నదే ముఖ్యం.

7.5.3 విరేచనాలు ఎప్పుడు అవుతున్నాయి?

పలుచని విరేచనాలు 4 వారాలకు మించి కొనసాగితే వాటిని దీర్ఘకాలిక విరేచనాలు అంటారు. వాటి వేళను బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు.

• ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో ఈ ప్రతీకార చర్య తీవ్రంగా ఉంటుంది. తిన్న వెంటనే కడుపునొప్పి, ఆపుకోలేని తొందర కలుగుతాయి. నిద్రలో సాధారణంగా ఇబ్బంది ఉండదు.
• లాక్టోజ్ జీర్ణం కానివారిలో ఆ చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. పాలు మానితే తగ్గుతుంది.
• పేగు గోడలు అధికంగా ద్రవాన్ని స్రవించడం వల్ల కలిగే విరేచనాలు ఉపవాసం ఉన్నా ఆగవు, రాత్రిపూట కూడా అవుతాయి.

విరేచనాలకు భయపడి తిండి మానేస్తే నీరసం, పోషకాహార లోపం మిగులుతాయి. భోజనం ఎంత పెద్దదైతే, అందులో కొవ్వు ఎంత ఎక్కువైతే ప్రతీకార చర్య అంత బలంగా ఉంటుంది. కనుక నూనె తగ్గించి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం మేలు. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపే విరేచనాలు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఖండన చలనాలు తగ్గితే మలం ఎందుకు పలచబడుతుంది?
2. "తిన్నది తిన్నట్టే పోతోంది" అనే వ్యక్తికి మీరు ఏమని వివరిస్తారు?