బొటనవేలికి చోటివ్వండి!

తెల్లారకముందే లేచి మైదానానికి వెళ్తారు. రెండు రౌండ్లు పరిగెత్తారో లేదో బొటనవేలి మొదట్లో ఒకటే సలుపు. కొత్త బూట్లు కొన్నా అదే వరస. కర్నూలు, కడపల్లో పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువతీయువకులైనా, షుగరు అదుపులో ఉండాలని నడిచే పెద్దవాళ్లైనా... ఈ నొప్పితో సాధన మానేస్తే నష్టం చిన్నదేం కాదు.

బొటనవేలు పక్కవేలి వైపు ఒరిగి, దాని మొదట్లోని కణుపు బయటికి పొడుచుకొస్తే వైద్యులు 'బనియన్' అంటారు. ఒంటికి తొడుక్కునే బనియన్‌కీ దీనికీ సంబంధం లేదు లెండి! ఇది ఆడవాళ్లలో ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకుంటే పిల్లలకూ వచ్చే అవకాశముంది. ముందువైపు ఇరుకుగా ఉండే చెప్పులూ, ఎత్తు మడమలూ బాధను పెంచుతాయి. ఏ షూ అయినా ఒరిగిన వేలిని తిన్నగా చేయలేదు. ఒరిపిడిని మాత్రం తగ్గించగలదు.

పొడవు కాదు... వెడల్పు!

బిగుతుగా ఉందని చాలామంది ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అప్పుడు మడమ జారుతుంది, పాదం ముందుకు తోసుకెళ్లి కణుపు మళ్లీ ఒరుసుకుంటుంది. కావాల్సింది వెడల్పు. మగవాళ్ల షూలలో మామూలు వెడల్పు 'డి', అంతకన్నా వెడల్పువి '2ఇ', '4ఇ'. ఆడవాళ్లకు మామూలుది 'బి', వెడల్పుది 'డి'. అందుకే ఆడవాళ్లకు వెడల్పువి దొరక్కపోతే మగవాళ్ల మోడల్ తొడిగి చూడొచ్చు.

షాపులో ఇలా...

* సాయంత్రం వెళ్లండి. మన ఎండలకు పొద్దుగూకేసరికి పాదాలు కాస్త ఉబ్బుతాయి.

* ఇంట్లోనే కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీయించుకోండి. షూని ఆ బొమ్మ మీద పెడితే గీత బయటికి కనిపిస్తోందా? అది మీకు ఇరుకే.

* నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

* కణుపు తగిలేచోట కుట్టుగానీ గట్టి పట్టీగానీ ఉండకూడదు. మెత్తని జాలీబట్ట మేలు.

* 'వాడగా వాడగా సాగుతుంది' అన్న మాట నమ్మొద్దు. అక్కడే నాలుగడుగులు వేసి చూడండి.

కణుపు పక్కనున్న రంధ్రాన్ని వదిలేసి లేసు కడితే ఒత్తిడి ఇంకాస్త తగ్గుతుంది. శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవారు కొత్త బూట్లతో బయల్దేరొద్దు. కొన్ని వారాల ముందునుంచే వాడి అలవాటు చేసుకోవాలి.

డాక్టర్ని ఎప్పుడు కలవాలి?

రాత్రికి రాత్రే కణుపు ఎర్రగా వాచి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెడితే అది యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. షుగరు ఉన్నవారికి స్పర్శ తగ్గి, బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. పుండు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో, కడప రిమ్స్‌లో ఎముకల విభాగాలున్నాయి.

అన్నట్టు... ఇంట్లో అమ్మకో నాయనమ్మకో ఈ కణుపు ఉంటే, ఓసారి పిల్లల స్కూలు బూట్లు కూడా ఆ కాగితం బొమ్మ మీద పెట్టి చూడండి.